ముందు ఎక్కం, తర్వాత వేగం: మొదటి దూరపు పరుగు గురించి అపోహలు - వాస్తవాలు

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, పాతపట్నం కుర్రాళ్లకు పరుగు అంటే 1600 మీటర్లు. సైన్యం ఎంపికల్లో ఆ దూరాన్ని 5 నిమిషాల 30 సెకండ్లలోపు పూర్తిచేస్తే 60కి 60 మార్కులు. మహేంద్రతనయ వంతెన దాటి తెల్లవారకముందే పళ్లు బిగించి పరుగెత్తేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నేనూ అలా పరుగెత్తినవాణ్నే. పద్నాలుగేళ్లుగా ఇక్కడే పరుగు నేర్పుతున్నాను. ఈమధ్య నా దగ్గరకు వచ్చేవారు మారారు. బడి పంతులు, బ్యాంకు ఉద్యోగి, నర్సు, కొమ్ము బొమ్మలు చేసే ఇంటి కోడలు. వీళ్లకు కావలసింది ఉద్యోగం కాదు. విశాఖ బీచ్ రోడ్డులోనో భువనేశ్వర్‌లోనో ఒక్కసారి 10 కిలోమీటర్లో 21 కిలోమీటర్లో పరుగెత్తి రావాలి. అయితే పరుగు గురించి వాళ్ల చెవిన పడిన మాటలన్నీ ఆ 1600 మీటర్ల మైదానంలో పుట్టినవే. దూరం పెరిగితే అవి పనికిరావు. కొన్ని హాని కూడా చేస్తాయి.

అపోహ: ఆయాసం రాకపోతే అది సాధనే కాదు.

అన్నిటికంటే ఎక్కువ మందిని ఇంటికి పంపిన మాట ఇది. మొదటిసారి 21 కిలోమీటర్లు పరుగెత్తే మనిషికి అది రెండు, రెండున్నర గంటల పని. అంతసేపూ శక్తి దాదాపుగా ఆక్సిజన్ సాయంతో మండే పిండిపదార్థం, కొవ్వుల నుంచే రావాలి. అందుకు కండరంలో సన్నని రక్తకేశనాళికలు పెరగాలి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం తోయడం నేర్చుకోవాలి. ఇవన్నీ తేలిక పరుగులోనే, వారాల తరబడి, నిదానంగా జరిగే పనులు. ప్రపంచ స్థాయి దూరపు పరుగు వీరులు కూడా తమ సాధనలో దాదాపు 80 శాతం తేలిక వేగంలోనే చేస్తారు. రోజూ రొప్పుతూ పరుగెత్తేవాడు మర్నాటికి కోలుకోడు, మూడో వారానికి కాలు పట్టుకుని కూర్చుంటాడు.

తేలిక వేగం అంటే ఎంత? నా దగ్గర గడియారం కంటే నమ్మకమైన కొలత ఒకటి ఉంది. పరుగెత్తుతూ పదమూడో ఎక్కం గట్టిగా చెప్పమంటాను. 'పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది' ఒక్క ఊపిరిలో వస్తే వేగం సరిపోయింది. 'పదమూడు... ఆర్లు...' అని మధ్యలో గాలి పీల్చుకుంటే వేగం ఎక్కువైంది. ఒడియా బడిలో చదివినవాళ్లు ఒడియాలో చెబుతారు. మా బృందంలో తెల్లవారుజామున రెండు భాషల్లో ఎక్కాలు వినిపిస్తాయి.

ఒక నర్సమ్మ మొదటి నెలలో కళ్లనీళ్లు పెట్టుకుంది. 'మాస్టారూ, ఇంత నెమ్మదిగా వెళ్తే నడిచేవాళ్లు కూడా నాతో సమానంగా వస్తున్నారు' అంది. 'రానివ్వమ్మా, ఎక్కం మాత్రం తప్పొద్దు' అన్నాను. ఆమె కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలతో మొదలుపెట్టింది. అయిదు నెలలకు అదే ఎక్కం, అదే ఊపిరితో ఏడు నిమిషాల పది సెకండ్లకు వచ్చింది. ఆమె వేగం కోసం ఒక్క రోజూ పరుగెత్తలేదు.

మధ్యలో నడిస్తే ఓడిపోయినట్టే అన్నది కూడా దీనికి తోబుట్టువే. నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. కొత్తవాళ్లందరికీ నేను మొదట ఇచ్చేది ఇదే.

అపోహ: పోటీలో ఎంత దూరమో సాధనలోనూ అంత దూరం పరుగెత్తి చూడాలి.

అక్కర్లేదు. 21 కిలోమీటర్ల పోటీకి సాధనలో 16 నుంచి 18 చాలు. 42 కిలోమీటర్ల మారథాన్‌కు కూడా చాలామంది శిక్షకులు 30, 32 దగ్గరే ఆపిస్తారు. ఊపిరికి బలం వారాల్లో వస్తుంది. ఎముకకు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకు నెలలు పడుతుంది. ఈ తేడా తెలియకే మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పితో వస్తారు. దమ్ము ఉంది కదా అని దూరం పెంచేస్తారు, ఎముక ఇంకా సిద్ధం కాలేదు. ఆగకుండా అయిదు కిలోమీటర్లు పరుగెత్తగల మనిషికి 21 కోసం నేను కనీసం పద్నాలుగు వారాలు అడుగుతాను. వారానికి నాలుగు రోజులు పరుగు, అందులో ఒక్కటే దూరపు పరుగు, మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గింపు.

అపోహ: పోటీకి ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే హాయిగా పరుగెత్తవచ్చు.

దయచేసి దీన్ని నిదానంగా చదవండి. ఆరేళ్ల కిందట మా కుర్రవాడొకడు పిక్క పట్టేసిందని మందుల దుకాణంలో అడిగి రెండు నొప్పి మాత్రలు తెచ్చుకుని, నాకు చెప్పకుండా వేసుకుని 21 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఎండెక్కినా నీళ్ల దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం మూత్రం కషాయం రంగులో వచ్చింది. ఆసుపత్రిలో చూస్తే, మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ మూడు దాటింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. కోలుకున్నాడు. ఆ నాలుగు రోజులూ వాళ్లమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నాను.

పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకు, చర్మానికి మళ్లుతుంది, మూత్రపిండాలకు తగ్గుతుంది. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు అక్కడి రక్తనాళాలు మూసుకుపోకుండా కాపాడతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకోవడం వల్లే. అంటే కాపలావాడిని సరిగ్గా అవసరమైన వేళ పంపేస్తున్నాం. పైగా మనకు పక్కనే ఉద్దానం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనందరికీ తెలుసు. దాని మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ ఊళ్ల నుంచి ఎవరు వచ్చినా ముందు క్రియాటినిన్, రక్తపోటు పరీక్ష చేయించుకుని రమ్మంటాను. ఆ కాగితం చూడకుండా ఎవరినీ పరుగెత్తించను. మాత్ర వేసుకుంటే తప్ప పరుగెత్తలేని నొప్పి ఉంటే ఆ పోటీ మానేయాలి. పోటీ మళ్లీ ఏడాది వస్తుంది.

అపోహ: పరుగులో నీళ్లు తాగితే కడుపులో పట్టేస్తుంది. లేదా, దాహం లేకున్నా కనిపించిన ప్రతిచోటా తాగాలి.

రెండూ తప్పే. మొదటిది పాతకాలపు మైదానం మాట, రెండోది ప్రకటనలు నేర్పిన మాట. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం మామూలు కంటే పడిపోయి ఉంది. పరుగులో బరువు పెరిగేంతగా నీళ్లు తాగడం అందుకు ముఖ్య కారణం. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, తికమక దాని గుర్తులు. అలాంటప్పుడు ఇంకా నీళ్లు పట్టించడం ప్రమాదం. దాహాన్ని బట్టి తాగండి. గంట దాటిన పరుగుకు, మన కోస్తా ఉక్కలో, ఓఆర్ఎస్ మంచిదే. కానీ లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో కలిపితే బలం రెట్టింపు కాదు, కడుపు కడిగేస్తుంది.

చెమట ఎక్కువ పడితే కొవ్వు కరుగుతుందని ప్లాస్టిక్ చొక్కా తొడుక్కునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోయేది నీరే, పెరిగేది ఒంటి వేడి. పరుగులో మనిషి తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడితే వడదెబ్బ అనుకుని వెంటనే నీడకు చేర్చి ఒంటి నిండా చల్లని నీళ్లు పోయండి. ఆసుపత్రికి తీసుకెళ్లే బండి కోసం ఎదురుచూస్తూ ఆ నిమిషాలు పోగొట్టుకోకూడదు.

అపోహ: అన్నం తింటే బద్ధకం. పరుగెత్తేవాళ్లకు గుడ్లు, చపాతీలే తిండి.

అన్నం మీద ఈ నింద ఎవరు వేశారో గానీ నాకు బాధ కలుగుతుంది. పరుగెత్తే మనిషికి కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి 21 కిలోమీటర్లకు పన్నెండు వందల పైచిలుకు. దాన్ని తొందరగా అందించేది కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్. దాన్ని నింపేది పిండిపదార్థం. అన్నం, చోడి అంబలి, ఇడ్లీ, అటుకులు, అరటిపండు అన్నీ ఆ పని చేస్తాయి. మా ఒడియా మిత్రులు తినే పఖాళ, మన చద్దన్నం పరుగు తర్వాత నీరు, ఉప్పు, పిండిపదార్థం ఒకేసారి ఇచ్చే తిండి. గుడ్డు, పప్పు, చేప కండరం మరమ్మతుకు కావాలి, అవి అన్నం పక్కన ఉండాలి, అన్నం స్థానంలో కాదు. పోటీ రోజు మాత్రం ఎన్నడూ తినని కొత్త వస్తువు ముట్టుకోవద్దు. మొదలయ్యే రెండున్నర గంటల ముందు, సాధనలో అలవాటైనదే తినండి.

అపోహ: దూరం పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయి.

2017లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సరదాకు పరుగెత్తేవారిలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం. పరుగెత్తకుండా కూర్చుని గడిపేవారిలో 10.2 శాతం. పోటీలే వృత్తిగా పరుగెత్తేవారిలో 13.3 శాతం. మనం మొదటి వర్గం. పాత దెబ్బ ఉన్న మోకాలికి మాత్రం ముందు వైద్యుడి మాట వినండి.

అపోహ: ఖరీదైన బూట్లుంటేనే పరుగు. లేదా, ఉత్త కాళ్లే మేలు.

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను అబెబె బికిలా ఉత్త కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో గెలిచాడు. ఉత్త కాళ్ల వాదులు ఇక్కడితో ఆపేస్తారు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో ఆయనే బూట్లు తొడుక్కుని 2:12:11లో గెలిచాడు. కొండ ఊళ్ల నుంచి చెప్పుల్లేకుండా పెరిగి వచ్చిన పిల్లల పాదాలు నిజంగా గట్టివి. అలవాటైన ఆ పాదాలను నేను మార్చను. కానీ ఇరవై ఏళ్లు చెప్పుల్లో గడిపిన పాదాన్ని ఒక్కరోజులో తారు రోడ్డు మీదకు దించకూడదు. బూటు సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. ధర కంటే అదే ముఖ్యం.

మర్నాటి ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆమ్లం కారణమన్నది కూడా నిజం కాదు. అది గంటా గంటన్నరలో రక్తం నుంచి తొలగిపోతుంది. నొప్పి కండరపు పోగుల్లో కలిగిన సూక్ష్మమైన గాయాలది. మహేంద్రగిరి వైపు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చినవాళ్లు 'ఎక్కడం వల్ల' అనుకుంటారు. తొడలు పట్టేసేది దిగడం వల్ల.

అపోహ: ఆడవాళ్లకు దూరపు పరుగు పడదు, నెలసరిలో అసలే కూడదు.

1928 ఒలింపిక్స్ తర్వాత ఇదే మాట చెప్పి మహిళల 800 మీటర్ల పరుగు తీసేశారు. అది తిరిగి రావడానికి 1960 దాకా పట్టింది. మహిళల మారథాన్ 1984లో గానీ రాలేదు. ఆ ఏడాది జోన్ బెనాయిట్ 2:24:52లో గెలిచింది. నెలసరిలో పరుగెత్తడం మన ఇష్టం, ఒంటి ఓపిక. హాని లేదు. నేను భయపడేది మరో రెండింటికి. ఒకటి రక్తహీనత: హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువున్న మహిళకు ఎంత సాధన చేయించినా ఆయాసం తగ్గదు, ముందు దాన్ని సరిచేయాలి. రెండోది, పరుగు మొదలయ్యాక నెలసరి ఆగిపోవడం. తిండి చాలడం లేదని, ఎముకలు బలహీనపడుతున్నాయని ఒళ్లు చెబుతున్న మాట అది. మూడు నెలలు రాకపోతే వైద్యురాలి దగ్గరకు వెళ్లాలి.

మన గిరిజన గ్రామాల వారికి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష కూడా చేయిస్తాను. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అది ఉచితం. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చి, జబ్బు లేనివారు దూరపు పరుగు చేయవచ్చు. అలవాటు లేని ఎండలో ఒక్కసారిగా శక్తినంతా పెట్టి దౌడు తీయడమే వాళ్లకు ప్రమాదం.

పదేళ్ల పిల్లలను తెచ్చి 'వీణ్ని మారథాన్‌కు తయారు చేయండి' అనే తల్లిదండ్రులకు ఒక్క మాట. 2006 మే 2న నాలుగేళ్ల బుధియా సింగ్ పూరి నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తాడు. 7 గంటల 2 నిమిషాలు. ఆ తర్వాత ప్రభుత్వమే అలాంటి పరుగులు ఆపించింది. ఎదిగే ఎముకల చివర్లు మెత్తగా ఉంటాయి. పిల్లలను ఆడనివ్వండి, కబడ్డీ ఆడనివ్వండి, చెరువులో ఈత నేర్పించండి. మారథాన్ పద్దెనిమిది నిండాక.

అపోహ: చివరి వారం గట్టిగా సాధన చేయాలి.

చివరి పది రోజుల్లో కొత్త బలం రాదు, అలసట మాత్రమే వస్తుంది. దూరాన్ని సగానికి దించండి. నిద్ర పెంచండి. పోటీ ముందు రాత్రి నిద్ర పట్టదు, పట్టకపోయినా ఫర్వాలేదు, దానికి ముందు రెండు రాత్రులు నిద్రపోయి ఉంటే చాలు. పొద్దున జనం హోరులో, డప్పుల మోతలో కాళ్లు వాటంతట అవే ఉరుకుతాయి. అప్పుడే 1600 మీటర్ల అలవాటు తిరిగి వస్తుంది. మొదటి మూడు కిలోమీటర్లు ఎక్కం చెప్పుకుంటూ వెళ్లండి. పదమూడు ఆర్ల దగ్గర ఊపిరి తెగితే వేగం తగ్గించి మళ్లీ పదమూడు ఒకట్ల నుంచి మొదలుపెట్టండి.