ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: పాత కార్ల చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద ఆటోమేటిక్ కార్లు బాగా పెరిగాయి. వాటిలో సెకండ్ హ్యాండ్ బళ్లే ఎక్కువ. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఒకరు ఎనిమిదేళ్లో పదేళ్లో తిప్పిన కారును, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల కోసమని ఇక్కడికి తెచ్చుకుంటున్నారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే కొన్నవాళ్లకూ తెలియదు, అమ్మినవాళ్లకూ తెలియదు. గేర్‌బాక్సులు విప్పి బాగుచేయడమే నా పని. రోజూ వినే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో రాస్తున్నాను.

అపోహ: లక్ష కిలోమీటర్లు దాటాక ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది

"మేస్త్రీ, ఇన్నాళ్లూ బాగానే తిరిగింది, ఇప్పుడెందుకు కదపడం?" అని చాలామంది అడుగుతారు. ఆయిల్ మార్చిన వారానికే బండి ఆగిపోయిందని చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. అలా జరిగిన మాట నిజం. కారణం మాత్రం వాళ్లనుకున్నది కాదు.

మనవాళ్లకు గేర్‌బాక్స్ ఆయిల్ గుర్తొచ్చేదే గేర్లు జారడం మొదలయ్యాక. డ్రైవ్ (డీ)లో వేస్తే కాసేపటికి గానీ పట్టదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది, స్పీడ్ మాత్రం పెరగదు. అప్పటికే లోపలి క్లచ్ ప్లేట్ల మీది పూత అరిగిపోయి ఉంటుంది. ఆ దశలో ఆయిల్ మార్చినా, మార్చకపోయినా గేర్‌బాక్స్ విప్పక తప్పదు. చివరిగా చేసిన పని ఆయిల్ మార్పు కాబట్టి నింద దాని మీద పడుతుంది.

రెండో కారణం మెషిన్ ఫ్లష్. ఏళ్ల తరబడి మార్చని బండిలో అడుగున మడ్డి పేరుకుంటుంది. ప్రెషర్ పెట్టి ఆయిల్ తోస్తే ఆ మడ్డి కదిలి, ఆయిల్‌ను పంచే వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో, కరెంటుతో పనిచేసే వాల్వులైన సోలినాయిడ్లలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే ఎప్పుడు మార్చారో తెలియని బండికి నేను మెషిన్ పెట్టను. కింద బోల్ట్ విప్పి, దిగినంత దింపి, అంతే కొత్తది పోస్తాను.

ఇలా చేస్తే ఆయిల్ మొత్తం దిగదు. చాలావరకు, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. ఏడు లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో మూడు లీటర్లు దిగిందనుకుందాం. ఒకసారి మారిస్తే కొత్త ఆయిల్ వాటా 43 శాతం. ఐదారు వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ మారిస్తే 67 శాతం. మూడోసారికి 81 శాతం. పాత గేర్‌బాక్స్‌కు ఇలా మెల్లగా మార్చడమే మంచిది. అడుగున ఉండే ఆయిల్ తొట్టి (పాన్) విప్పే వీలున్న మోడల్ అయితే మొదటిసారే ఫిల్టర్, గాస్కెట్ మార్చి, లోపలి మ్యాగ్నెట్లు తుడవాలి. మ్యాగ్నెట్ మీద నల్లటి మెత్తని ముద్ద కనబడితే కంగారు పడక్కర్లేదు, అది మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం బండి యజమానిని పిలిచి చూపించాలి.

అందుకే బోల్ట్ మీద పానా పెట్టేముందు నేను ఒక రౌండ్ నడిపి చూస్తాను. గేర్ జారుతోందంటే, ఆయిల్‌తో ఇది బాగుపడదని డబ్బు తీసుకోకముందే చెప్పేస్తాను. అరిగిన ప్లేట్‌కు ఏ ఆయిలూ మళ్లీ పూత వేయలేదు. స్లిప్ ఆపుతాయని అమ్మే సీసాల మందులు కూడా అంతే.

కొన్ని బళ్లలో కథ వేరు. బొబ్బిలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు పాత నాలుగు గేర్ల కారు తెచ్చారు. అరవై స్పీడ్‌లో మెల్లగా పోతుంటే, రోడ్డు మీద గీతల్లాంటి బంపుల మీద పోతున్నట్టు బండి సన్నగా వణికేది. గేర్‌బాక్స్ మార్చాలని ఎవరో చెప్పడంతో ఆయనకు నిద్ర పట్టలేదట. టార్క్ కన్వర్టర్ లోపల, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే లాకప్ క్లచ్ ఉంటుంది. ఆయిల్‌లోని రాపిడిని అదుపు చేసే రసాయనాలు అయిపోతే అది పట్టీపట్టకుండా వణుకుతుంది. సరైన గ్రేడ్ ఆయిల్ రెండు దఫాలుగా మార్చాక ఆ వణుకు పోయింది. ప్రతి బండికీ ఇలాగే తగ్గుతుందని హామీ ఇవ్వను. కానీ గేర్‌బాక్స్ దింపేముందు ఆయిల్ మార్చి చూడమని మాత్రం గట్టిగా చెబుతాను.

అపోహ: కంపెనీయే లైఫ్‌టైమ్ ఆయిల్ అంది, మార్చక్కర్లేదు

ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాలి. ఎన్నో ఖరీదైన కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్, తన గేర్‌బాక్సుల్లో వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటోంది. తయారుచేసినవాళ్లే మార్చమంటుంటే ఇంక వాదన ఎందుకు?

ఆయిల్‌ను చంపేది వేడి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని మోటు లెక్క. సిరిమానోత్సవం రోజు విజయనగరంలో ఏసీ వేసుకుని గంటసేపు అంగుళం అంగుళం కదిలిన బండికి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ నిండు లోడుతో ఎక్కిన బండికి, హైవే మీద తీరిగ్గా తిరిగిన బండికి ఒకటే లెక్క కుదరదు. ఓనర్ మాన్యువల్‌లో కఠినమైన వాడకానికి వేరే షెడ్యూల్ ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. మాన్యువల్ లేకపోతే, మన ఎండలకు మామూలు టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ ఆయిల్ 50-60 వేల కిలోమీటర్లకు, గేర్ల బదులు బెల్ట్, పుల్లీలతో నడిచే సీవీటీ ఆయిల్ 40 వేలకు మార్చమని నా సలహా.

అపోహ: ఎర్రగా ఉంటే చాలు, ఏ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అయినా ఒకటే

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ఎరుపు కేవలం రంగు. లీకైనప్పుడు ఇంజన్ ఆయిల్ కాదని తెలియడానికి కలుపుతారు. లోపలి గుణానికీ దానికీ సంబంధం లేదు. పాత నాలుగు గేర్ల హ్యుందాయ్‌లకు ఎస్పీ-3 గ్రేడ్, ఆరు గేర్ల వాటికి అంతకన్నా పల్చనైన ఎస్పీ-4. ఇన్నోవా క్రిస్టాకు టయోటా డబ్ల్యూఎస్. హోండాలో మామూలు ఆటోమేటిక్‌కు డీడబ్ల్యూ-1 అయితే, సీవీటీకి హెచ్‌సీఎఫ్-2. సీవీటీలో స్టీల్ బెల్ట్ పుల్లీని పట్టుకుని తిరుగుతుంది. ఆ పట్టు ఉండేలా తయారైన ఆయిలే పోయాలి. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్ట్, పుల్లీ రెండూ పాడవుతాయి. డబ్బా మీద గ్రేడ్ పేరు చదివి, ఫోటో తీసుకున్నాకే మూత విప్పనివ్వండి.

ఆయిల్ కాస్త ముదురు రంగులోకి తిరిగినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. మాడు వాసన వస్తుంటే, నల్లగా మారితే పట్టించుకోవాలి.

అపోహ: క్లచ్ పెడల్ లేని ప్రతి కారుకూ ఏటీఎఫ్ ఉంటుంది

ఉండదు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పని, గేర్ మార్చే పని యంత్రం చేస్తుంది. దానికి పోసేది మామూలు గేర్ ఆయిల్. పోలో జీటీ టీఎస్‌ఐలో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్)లో గేర్లకు ఒక ఆయిల్, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్‌కు వేరే ఆయిల్. మీ బండిలో ఏ రకం గేర్‌బాక్స్ ఉందో తెలియకుండా షాపుకెళ్లి ఏటీఎఫ్ కొనకండి.

అపోహ: ఆయిల్ కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే

ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో ప్రెషర్ నిలవదు, గేర్లు జారతాయి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. చాలా బళ్లలో ఆయిల్ వేడెక్కాక, ఇంజన్ ఆన్‌లో ఉండగా లెవెల్ చూడాలి. హోండాల్లో ఇంజన్ ఆపిన ఒకటి ఒకటిన్నర నిమిషంలోపే చూడాలి. డిప్‌స్టిక్ లేని బళ్లలో ఆయిల్ ఉష్ణోగ్రతను స్కానర్‌తో చూస్తూ, ఎక్కువైన ఆయిల్ కారిపోయే ఓవర్‌ఫ్లో బోల్ట్ విప్పాలి. 35-45 డిగ్రీల మధ్య చూడమన్న మోడళ్లు ఉన్నాయి. మే నెలలో మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టిన కారులో స్టార్ట్ చేయకముందే ఆయిల్ ఆ ఉష్ణోగ్రత దగ్గర ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువగా కారిపోయి, చివరికి లెవెల్ తక్కువ పడుతుంది. అలాంటి బండిని రాత్రే నా దగ్గర వదిలేయమంటాను. పొద్దున్నే చల్లగా ఉండగా పని మొదలుపెడతాను.

అపోహ: గేర్‌బాక్స్ సీల్ చేసి ఉంటుంది, నీళ్లు వెళ్లవు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను ముంచేసింది. వరదలో కారు మునిగితే నీళ్లు ఇంజన్‌లోకే పోతాయనుకుంటారు. గేర్‌బాక్స్ ఊపిరి తీసుకోవడానికి బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. వేడి గేర్‌బాక్స్ ఒక్కసారిగా నీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుని ఆ గొట్టంలోంచి నీటిని పీల్చుకుంటుంది. రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడినా కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగుకు తిరుగుతుంది. నీరు తగిలితే క్లచ్ ప్లేట్ల పూతను పట్టి ఉంచే జిగురు ఊడిపోతుంది. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి, బండి స్టార్ట్ చేయకండి.

ఇక ఆగిపోయిన ఆటోమేటిక్ కారును తాడు కట్టి లాగించడం. ఇంజన్ తిరగకపోతే ఆయిల్ పంపు తిరగదు. చక్రాలు తిరుగుతుంటే లోపల గేర్లు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. ముందు చక్రాలకు పవర్ వెళ్లే కారైతే ముందు భాగం లేపి లాగాలి. వెనక చక్రాలకో, నాలుగింటికో పవర్ ఉంటే ఫ్లాట్‌బెడ్ లారీయే పిలవాలి. పలాస నుంచి ఇక్కడికి దాని బాడుగ ఎక్కువే కావచ్చు గానీ, గేర్‌బాక్స్ విప్పే ఖర్చు దానికి ఎన్నో రెట్లు.