రాయి మరవని మరక

కోనసీమలో గొయ్యి తవ్వితే ఒండ్రు, ఇసుక, నీళ్లు వస్తాయి. రాయి రాదు. ఇంటి పునాదికి కూడా మెట్ట ప్రాంతం నుంచి లారీలో తెప్పించుకోవలసిందే. అందుకేనేమో, రాతితో బొమ్మలు అచ్చు వేస్తారని మొదటిసారి విన్నప్పుడు నాకు ఉలి, సుత్తి గుర్తుకొచ్చాయి. లిథోగ్రాఫు అనే ఈ రాతి అచ్చులో ఆ రెండూ ఉండవు. బొమ్మ గీసిన చోట రాయి ఎత్తుగానూ ఉండదు, పల్లంగానూ ఉండదు.

తన నాటకాలను చవకగా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ అలాయిస్ సెనెఫెల్డర్ 1790ల చివర్లో జర్మనీలోని బవేరియాలో ఈ పద్ధతిని కనిపెట్టాడు. అతను వాడిన సోల్న్‌హోఫెన్ సున్నపురాయి దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందట ఉప్పునీటి మడుగుల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మెత్తటి బురద. అదీ బురదే! మన డెల్టా ఒండ్రు వయసు వేల ఏళ్లలోనే ఉంటుంది కనుక ఇంకా రాయి కాలేదు.

ఆ రాతి మీద మైనం, కొవ్వు, సబ్బు, మసి కలిపిన క్రేయాన్‌తో గీస్తారు. కొవ్వులోని ఆమ్లాలు రాతిలోని కాల్షియంతో కలిసి, నీటిలో కరగని ఒక రకం సబ్బుగా మారతాయి. బోరు నీళ్లు గట్టిగా ఉండే ఊళ్లలో బట్టలు ఉతికితే నురగ రాక, బక్కెట్టు అంచున తెల్లటి తెట్టు కడుతుంది కదా, దాదాపు అదే ఇది. తర్వాత కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపిన జిగురు పూస్తారు. ఆ జిగురు మన తుమ్మబంకకు దగ్గరి చుట్టం. దాంతో గీత లేని చోటు నీటిని పట్టి ఉంచే గుణం తెచ్చుకుంటుంది. ఇక టర్పెంటైన్‌తో తుడిచేస్తే గీసిన బొమ్మ కంటికి కనబడకుండా పోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. రాయిని తడిపి నూనె సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్న చోట సిరా అంటదు, జిడ్డు ఉన్న చోట అంటుతుంది. పోయిందనుకున్న బొమ్మ తిరిగి వస్తుంది. రాజమహేంద్రవరంలో పెళ్లి శుభలేఖలు అచ్చు వేసే ఆఫ్‌సెట్ యంత్రం కూడా ఈ నీళ్లూ నూనెల తగాదా మీదే నడుస్తుంది. రాయి స్థానంలో అల్యూమినియం రేకు వచ్చిందంతే.

రంగుల అచ్చులో మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో రాయి. కాగితం అన్నిటి మీదకూ వెళ్లి, ప్రతిసారీ సరిగ్గా అదే చోట కూర్చోవాలి. గజిబిజి బొమ్మలో అర మిల్లీమీటరు జరిగినా జుట్టులోనో చీర మడతలోనో కలిసిపోతుంది. ఎర్ర చదరం పక్కన నల్ల త్రిభుజం ఉంటే అలా దాక్కోవడానికి చోటు లేదు. మధ్యలో తెల్లటి సన్నని గీటు పళ్లికిలిస్తుంది. పైగా కాగితం తేమను పీల్చి సాగుతుంది, అదీ ఒక దిక్కున ఎక్కువగా. శ్రావణమాసపు ముసురులో మా వైపు ప్రెస్సువాళ్ల తలనొప్పి ఇదే. రెండు ఆకారాలే కదా, ఇందులో ఏముంది అనేవారిని ఒక వానాకాలం అచ్చు వేయమనాలి.

అచ్చు బాగా కుదిరినా కథ అయిపోదు, మిగతా పని కన్ను చేస్తుంది. పారిస్‌లో గోబ్లాఁ నేతశాల అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌కు నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. నూలులో లోపమేమీ లేదు. పక్కనున్న నీలం, ఊదా రంగులే నలుపును అలా చూపించాయి. 1839లో ఆయన దీని మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. కంటి తెరలోని కణాలు పక్కవాటి సంకేతాలను కొంత అణచివేస్తాయి. మెదడు కూడా రంగును ఒంటరిగా కాక, ఇరుగుపొరుగుతో పోల్చే చూస్తుంది. పరీక్షించాలంటే నోటుపుస్తకం బూడిదరంగు అట్ట నుంచి రెండు చిన్న చదరాలు కత్తిరించి, ఒకటి అరటాకు మీద, ఒకటి కుంకుమరంగు గుడ్డ మీద పెట్టండి. మొదటిదానిలో గులాబీ ఛాయ, రెండోదానిలో ఆకుపచ్చ ఛాయ లీలగా కనిపిస్తాయి. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి పాతికేళ్లు చదరంలో చదరం పెడుతూ గడిపింది ఈ మాయ కోసమే.

ఆల్బర్స్ చదివిన బౌహౌస్ అనే జర్మనీ కళల బడిలోనే చిత్రకారుడు కాండిన్‌స్కీ పాఠాలు చెప్పాడు. 1922లో ‘చిన్న ప్రపంచాలు’ పేరుతో 12 అచ్చుబొమ్మల సంపుటి తెచ్చాడు, అందులో రంగుల లిథోగ్రాఫులూ ఉన్నాయి. మరుసటి ఏడాది ఒక ప్రశ్నపత్రం పంచాడు: త్రిభుజం, చదరం, వృత్తం ఇచ్చి వాటికి పసుపు, ఎరుపు, నీలం జతచేయమన్నాడు. ఆయన లెక్కలో సూదిగా ఉండే త్రిభుజం పసుపు, చదరం ఎరుపు, వృత్తం నీలం. తర్వాతి కాలంలో వేరేవాళ్లను అడిగితే ఈ జతలే రాలేదు. రావాలనీ లేదు. మా ఇళ్లలో గుండ్రం అంటే బొట్టు, అంటే ఎరుపు. త్రిభుజమూ ఎరుపే, ఆసుపత్రి గోడల మీద తలకిందులుగా ఉండే కుటుంబ నియంత్రణ గుర్తును ఒక తరం మరచిపోలేదు. చదరం అంటే మాత్రం నాకు నాట్లు ఊడ్చిన పచ్చటి వరిమడి. ఆ ప్రశ్నపత్రంలో ఆకుపచ్చ లేదు. కావాలంటే పసుపు మీద నీలం అచ్చు వేసుకోవలసిందే.