మెదడులోని లోహాలు, అల్జీమర్స్ వ్యాధి: అపోహలు – వాస్తవాలు

మెదడు కణజాలంలో అతి సూక్ష్మ పరిమాణంలో ఉండే లోహాలను కొలవడం నా వృత్తి. ఆ సంగతి తెలిసినవారు మొదట అడిగేది వంటగిన్నెల గురించే. మతిమరపుతో బాధపడుతున్న పెద్దవారిని ఇంట్లో కనిపెట్టుకుని ఉన్నవారికి, ఈ వ్యాధికి కారణం ఇదీ అని ఎవరైనా ఒక్క మాటలో చెబితే బాగుండుననిపించడం సహజం. ఆ ఆరాటాన్ని ఆసరా చేసుకుని చెలామణి అవుతున్న కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: అల్యూమినియం గిన్నెల్లో వండుకుంటే అల్జీమర్స్ వస్తుంది.

వాస్తవం: ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1965లో కుందేళ్ల మెదడులోకి అల్యూమినియం లవణాన్ని ఎక్కించినప్పుడు నాడీకణాల్లో తంతువులు చిక్కుపడటం కనిపించింది. 1973లో టొరంటోకు చెందిన డొనాల్డ్ క్రాపర్ బృందం, అల్జీమర్స్ రోగుల మెదడులో కొన్ని చోట్ల అల్యూమినియం ఎక్కువగా ఉందని ప్రకటించింది. అయితే కుందేళ్లలో కనిపించిన తంతువులకూ, రోగుల మెదడులో టావు అనే ప్రొటీనుతో ఏర్పడే జంట మెలికల తంతువులకూ నిర్మాణంలోనే పోలిక లేదని తరువాత తేలింది. 1992లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రంగు రసాయనాలేవీ తగలని కణజాలాన్ని పరీక్షించి, అమిలాయిడ్ ఫలకాల (ఈ వ్యాధిలో నాడీకణాల బయట పేరుకునే ప్రొటీను ముద్దల) నడిమి భాగంలో అల్యూమినియం లేదని చూపించారు.

ఇలా భిన్నమైన ఫలితాలు ఎందుకు వస్తాయో ప్రయోగశాలలో పనిచేసేవారికి బాగా తెలుసు. భూమి పైపొరలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న లోహం అల్యూమినియం. గదిలోని దుమ్ములోనూ అది ఉంటుంది. మేము గ్రాము కణజాలంలో మైక్రోగ్రాముల లెక్కన వెతుకుతాం కాబట్టి, స్టీలు కత్తికి బదులు సెరామిక్ కత్తినీ, గాజు పాత్రకు బదులు ఆమ్లంలో నానబెట్టి కడిగిన ప్లాస్టిక్ గొట్టాన్నీ వాడతాం. నత్రికామ్లంతో కణజాలాన్ని కరిగించే ప్రతిసారీ, కణజాలమే లేని ఖాళీ గొట్టాన్ని కూడా మొదటి నుంచి చివరి దాకా అలాగే నడిపించి, అందులో ఎంత లోహం వచ్చిందో చూసి ఆ మేరకు తీసివేస్తాం. ఖాళీ గొట్టం విలువ ఎంతో చెప్పని ఫలితాన్ని నేను నమ్మను.

ఇక వంటింటి విషయం. మనం సిల్వరు గిన్నెలు అని పిలిచే పాత్రల్లో చింతపండు పులుసు కాచినా, పచ్చడి నిల్వ ఉంచినా కొంత లోహం దిగుతుంది. కాని నోటి ద్వారా వెళ్లిన అల్యూమినియంలో రక్తంలోకి చేరేది సాధారణంగా 1 శాతానికి ఎంతో తక్కువ, దాన్ని కూడా ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. పులుపు వంటకాలకు స్టీలు గిన్నె వాడటం మంచి అలవాటే. పాత గిన్నె వల్లే అమ్మకు ఈ వ్యాధి వచ్చిందని కుమిలిపోవడానికి మాత్రం ఆధారం లేదు. నిజంగా జాగ్రత్త పడవలసినవారు మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులు. 1970లలో డయాలసిస్ నీటిలోని అల్యూమినియం వల్ల రోగులకు తీవ్రమైన మెదడు జబ్బు వచ్చింది, అయితే అది అల్జీమర్స్ కాదు.

అపోహ: అలాగైతే లోహాలకూ ఈ వ్యాధికీ ఏ సంబంధమూ లేదు.

వాస్తవం: ఇది కూడా తొందరపాటే. 1998లో లొవెల్, మార్క్స్‌బరీ తదితర పరిశోధకులు అమిలాయిడ్ ఫలకాల్లో రాగి, జింకు, ఇనుము పేరుకుని ఉన్నాయని చూపించారు. 2002లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)కు చెందిన కె.ఎస్. జగన్నాథరావు బృందం, వ్యాధి ముదిరినవారి హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగంలో) డీఎన్ఏ మామూలు కుడి మెలిక రూపాన్ని వదిలి ఎడమ మెలిక రూపంలోకి మారినట్టు తెలిపింది. లోహాలు డీఎన్ఏను ఎలా మారుస్తాయన్నది కూడా ఆ బృందం పరిశోధించిన అంశమే. ఇటువంటి మార్పులు వ్యాధికి కారణమా, ఫలితమా అన్నది మరణానంతరం తీసిన కణజాలం ఒక్కటే చెప్పలేదు.

అపోహ: లోహాలను మందుతో పట్టి బయటికి పంపే కీలేషన్ చికిత్సతో వాటిని కడిగేస్తే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ప్రచారమే. ఫలకాల్లో రాగి పోగుపడిన అదే మెదడులో, మొత్తం కణజాలాన్ని తీసుకుంటే రాగి తక్కువగా ఉంటున్నట్టు పలు అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే ఉండవలసిన చోట లేక, ఉండకూడని చోట ఉంది. కణం శ్వాసించడానికి రాగి, నాడీ సంకేతాలకు జింకు, డోపమైన్ అనే నాడీ రసాయనం తయారీకి ఇనుము తప్పనిసరి. ఇనుమును పట్టి తొలగించే డెఫెరిప్రోన్ మందును వ్యాధి తొలిదశలో ఉన్నవారికి ఇచ్చి చూసిన క్లినికల్ పరీక్షలో, హిప్పోక్యాంపస్‌లో ఇనుము తగ్గింది, కాని రోగుల ఆలోచనాశక్తి మందు తీసుకోనివారి కన్నా వేగంగా క్షీణించింది. ఈ ఫలితం 2024లో వెలువడింది. సెలైన్‌తో ఎక్కించే ఈడీటీఏ అనే కీలేషన్ మందు మెదడులోకి సరిగా చేరదు, పైగా రక్తంలోని కాల్షియంను ప్రమాదకరంగా పడగొట్టగలదు.

అపోహ: ఐరన్ మాత్రలు వేసుకుంటే ఆ ఇనుమంతా మెదడులో చేరుతుంది.

వాస్తవం: మెదడులోకి వెళ్లే ఇనుమును రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అవరోధం నియంత్రిస్తుంది. రక్తహీనతకు వైద్యులు రాసిన మాత్రలను ఈ భయంతో మానకండి.

అపోహ: లిథియం వేసుకుంటే అల్జీమర్స్ రాదు.

వాస్తవం: 2025లో హార్వర్డ్‌కు చెందిన బ్రూస్ యాంక్నర్ బృందం మెదడులోని 27 లోహాలను కొలిచి, జ్ఞాపకశక్తి తగ్గడం మొదలైన దశలోనే లిథియం పడిపోతోందనీ, అమిలాయిడ్ ఫలకాలు దాన్ని పట్టి ఉంచుతున్నాయనీ తెలిపింది. లిథియం ఒరొటేట్ అనే లిథియం లవణాన్ని ఇచ్చిన ఎలుకల్లో జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఇది నాకు నిజంగా ఉత్సాహం కలిగించిన పరిశోధన. అయినా మనుషుల్లో నిరూపణ కావలసే ఉంది, మోతాదు మించితే లిథియం మూత్రపిండాలనూ థైరాయిడ్‌నూ దెబ్బతీస్తుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికే లిథియం మాత్రలను సొంతంగా మొదలుపెట్టవద్దు, ఇంట్లో పెద్దవారికి అసలే ఇవ్వవద్దు.