సామాను పోగేసే జబ్బు: విశాఖ ఇళ్ళలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

సైకాలజిస్టుగా నా పనిలో ఎక్కువ భాగం క్లినిక్‌లోనే జరుగుతుంది. సామాను పోగేయడం చేయి దాటిపోయిన వాళ్ళ విషయంలో మాత్రం నేనే ఇంటికి వెళ్తాను. ఎందుకంటే కుర్చీలో కూర్చుని చెప్పే మాటకూ, ఆ గదిలో కాలు పెట్టే చోటు వెతుక్కోవడానికీ చాలా తేడా ఉంటుంది. గాజువాక నుంచి మధురవాడ దాకా ఎక్కడికి వెళ్ళినా ఇంట్లోవాళ్ళు ముందుగా అనే మాటలు ఇంచుమించు ఒకటే. వాటిలో చాలావరకు అపోహలు. ఆ అపోహలు నమ్మి తొందరపడి చేసే పనుల వల్ల పరిస్థితి ఇంకా ముదురుతోంది. ఈ పోస్టు ముఖ్యంగా ఆ ఇంట్లోవాళ్ళ కోసమే. ఉదాహరణల్లో మనుషుల వివరాలు మార్చాను.

అపోహ: వట్టి బద్ధకం. ఒళ్ళు వంచితే ఒక్క ఆదివారంలో తేలిపోయే పని.

వీళ్ళలో చాలామంది రోజంతా సర్దుతూనే ఉంటారు. మంచం మీది కుప్ప కుర్చీలోకి, కుర్చీలోది కిటికీ గట్టు మీదకి మారుతుంది. సాయంత్రానికి ఒళ్ళు హూనమవుతుంది, ఇల్లు మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది. కష్టమల్లా నిర్ణయం దగ్గరే వస్తుంది.

స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో చిన్న ఫ్లాట్‌కి మారారు. క్వార్టర్ సామాను మొత్తం ఆ రెండు గదుల్లోకే వచ్చింది. ఆయన చేతిలో ఒక గొడుగు ఉంది, రెండు ఊచలు విరిగి ఉన్నాయి. "ఊచలు వేయిస్తే ఇంకా వస్తాది" అన్నారు. నిజమే. "పోనీ గుడ్డ విప్పితే సంచీ కుట్టించుకోవచ్చు" అన్నారు. అదీ నిజమే. తర్వాత పిడిని వేళ్ళతో నిమిరి, ఇలాంటి కర్ర పిడి ఇప్పుడు దొరకదన్నారు. ఒక గొడుగులో ఆయనకు మూడు వస్తువులు కనిపించాయి. దాన్ని పక్కన పెట్టడమంటే మూడింటినీ పోగొట్టుకోవడమే. అలాంటివి ఆ గదిలో వందలున్నాయి. బద్ధకం అన్న మాట ఆయనకు ఎంతమాత్రం వర్తించదు.

దీనికి మెదడులోనూ ఆధారం కనిపించింది. 2012లో డేవిడ్ టోలిన్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. ఈ జబ్బున్నవాళ్ళను స్కానర్‌లో ఉంచి, వాళ్ళ సొంత కాగితాలను, వాళ్ళవి కాని కాగితాలను ఉంచాలా తీసేయాలా అని అడిగారు. సొంత కాగితం వచ్చినప్పుడు ముఖ్యమైనదేదో, ప్రమాదమేదో ఎదురైందని గుర్తించే భాగాలు మామూలు కంటే ఎక్కువగా పనిచేశాయి. తమవి కానివి వచ్చినప్పుడు అంతగా చలించలేదు. పక్కింటివాళ్ళ ఇల్లు చక్కగా సర్దిపెట్టగల మనిషి తన ఇంట్లో చతికిలబడడం ఎందుకో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

2013లో అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్ళ మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎమ్-5 దీన్ని హోర్డింగ్ డిజార్డర్ అనే విడి జబ్బుగా గుర్తించింది. అంతకుముందు ఓసీడీలో (వద్దన్నా అవే ఆలోచనలు వచ్చి, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు) ఒక లక్షణంగానే చూసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లోనూ ఇది ఉంది.

అపోహ: సామాను ఎక్కువున్న ప్రతి ఇల్లూ ఇలాంటిదే.

కాదు. అటక నిండా ఇత్తడి గుండిగలు, పిల్లల పాత పుస్తకాలు ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువాలో దొంతరగా ఉండడమూ కాదు, అవి మళ్ళీ ఇంకొకరి తాంబూలంలోకి వెళ్తాయి. మనం చూసేది నివసించే చోటుని: మంచం మీద పడుకోగలుగుతున్నారా, పొయ్యి దగ్గర వండుకోగలుగుతున్నారా, బాత్‌రూమ్‌లో స్నానం చేయగలుగుతున్నారా, గుమ్మం దాకా నడవడానికి దారి ఉందా. చుట్టాలు వస్తారంటే టెన్షన్ పడి, ఏదో సాకు చెప్పి ఏళ్ళ తరబడి ఎవరినీ లోపలికి రానివ్వకపోతే అది కూడా గుర్తే. కోడలో కూతురో రోజూ తీసేస్తుండబట్టి ఇల్లు బాగున్నట్టు కనిపించే కేసులూ ఉంటాయి. అక్కడ జబ్బు లేదనుకోకూడదు.

అపోహ: పేదరికం చూసినవాళ్ళకే ఈ అలవాటు వస్తుంది.

చిన్నప్పుడు లేమిలో పెరగడానికీ ఈ జబ్బుకీ పరిశోధనల్లో స్పష్టమైన ముడి దొరకలేదు. భర్త పోవడం, ఉద్యోగం పోవడం లాంటి దెబ్బల తర్వాత ముదరడం మాత్రం తరచుగా కనిపిస్తుంది. కుటుంబాల్లో కూడా నడుస్తుంది. చాలామందికి ఛాయలు పది పదిహేనేళ్ళ వయసులోనే మొదలవుతాయి. అప్పుడు తల్లిదండ్రులు తీసేస్తూ ఉంటారు కాబట్టి బయటపడదు, యాభై దాటాక ఇల్లంతా పరుచుకుంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక, కరెంటూ నీళ్ళూ లేని రోజులు చూసిన ఈ ఊళ్ళో కొవ్వొత్తులు, నీళ్ళ డ్రమ్ములు ఇంట్లో ఉంచుకోవడం జాగ్రత్త. దాన్ని జబ్బు అనకండి.

అపోహ: వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు ఆటో పెట్టి ఎత్తించేస్తే పీడ వదులుతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా వాదించేది దీని మీదే. అమ్మను నాలుగు రోజులు చెల్లెలింటికి పంపి, ఆ నాలుగు రోజుల్లో ఇల్లు ఖాళీ చేసి, రంగులు వేయించి, "సర్‌ప్రైజ్" అంటారు పిల్లలు. ప్రేమతోనే చేస్తారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆవిడకు అది దొంగతనంలా ఉంటుంది. ఏమేం పోయాయో తెలియదు కాబట్టి అన్నీ పోయినట్టే. ఆ రోజు నుంచి గదికి తాళం పడుతుంది, కొడుకు చేతిలో కవరు కనిపిస్తే అనుమానం, ఊరికి రమ్మంటే రానంటుంది. నిర్ణయం తీసుకోవడం ఆవిడకు ఎవరూ నేర్పలేదు కాబట్టి ఇల్లు మళ్ళీ నిండుతుంది, ఈసారి ఇంకా పట్టుదలగా.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ కుప్పల్లో చెత్త, విలువైనవి కలిసే ఉంటాయి. పాత పేపర్ల మధ్య ఇంటి దస్తావేజు, స్వీట్ డబ్బాలో చెవి దుద్దులు, బియ్యం సంచిలో బ్యాంకు పాస్‌బుక్ ఉండొచ్చు. చూడకుండా తూకానికి వేస్తే తర్వాత ఎవరేం చేసినా దొరకవు.

అందుకే నా పద్ధతిలో వస్తువును ముట్టుకునేది ఆ మనిషే. మిగతావాళ్ళు సంచీ పట్టుకోవచ్చు, ప్రశ్న అడగవచ్చు, "ఇదెందుకు నాన్నా, చెత్త!" అనకూడదు. మొదలుపెట్టేది పొయ్యి గట్టు దగ్గర. గ్యాస్ సిలిండర్ చుట్టూ పేపర్లు, బట్టలు ఉంటే నిప్పు ప్రమాదం కాబట్టి అది ముందు. తర్వాత మంచం నుంచి బాత్‌రూమ్‌కి దారి, పెద్దవాళ్ళు రాత్రిపూట తట్టుకుని పడేది అక్కడే. ఆ తర్వాత కరెంటు మీటరు, వీధి గుమ్మం. ఫొటోలు, పోయినవాళ్ళ బట్టలు, ఉత్తరాలు అన్నిటికంటే ఆఖర్న చూడాలి. వాటితో మొదలుపెడితే మొదటి రోజే అంతా ఆగిపోతుంది.

ఒక్కసారికి అరగంట చాలు. చేతిలోకి తీసుకున్న వస్తువును మళ్ళీ అదే కుప్పలో పెట్టకూడదు: ఉంచేది, ఇచ్చేది, తీసేసేది, ఈ మూడింటిలో ఏదో ఒకటి తేలాలి. గొడుగు ఉంచుతానంటే నేను కాదనను. "ఎక్కడ బాగుచేయిస్తారు? ఏ రోజు వెళ్తారు?" అని అడుగుతాను. సమాధానం ఉంటే గొడుగు గుమ్మం దగ్గరకు వెళ్తుంది, ఆ రోజు దాటితే మళ్ళీ మాట్లాడుకుంటాం. తీసేసినప్పుడు మనసు ఎంత బాధపడుతోందో పదికి ఎంతో చెప్పమంటాను, అరగంట తర్వాత మళ్ళీ అడుగుతాను. ఎనిమిది అన్న మనిషి చాలాసార్లు నాలుగు అంటారు. ఎవరు ఎంత చెప్పినా రాని నమ్మకం, తన నోటితో తనే ఆ అంకె చెప్పినప్పుడు వస్తుంది. తీసేయాలని తేలిన సంచీ మాత్రం ఆ పూటే గుమ్మం దాటాలి. రాత్రి ఉంటే పొద్దున్నకి సగం లోపలికి వచ్చేస్తుంది.

తెచ్చుకోవడం కూడా ఆగాలి. పూర్ణా మార్కెట్టుకో ఎగ్జిబిషన్‌కో కలిసి వెళ్ళి, అన్నీ చూసి, ఏమీ కొనకుండా రావడం మా చికిత్సలో ఒక భాగం. వినడానికి చిన్నదే, చేయడానికి చాలా కష్టం.

అపోహ: ప్లాస్టిక్ బుట్టలు, కొత్త అల్మరా కొంటే సర్దుకుంటుంది.

ముందు తగ్గించాలి. అల్మరా తర్వాత.

అపోహ: దేవుడి బొమ్మ ఉన్న కాగితం తీసేస్తే పాపం.

శుభలేఖలు, పాత క్యాలెండర్లు, అగరొత్తుల డబ్బాలు తెలుగు ఇళ్ళలో పేరుకుపోవడానికి ఇదే కారణం. భయాన్ని కొట్టిపారేస్తే పని జరగదు. బొమ్మ ఉన్న భాగం కత్తిరించి విడిగా ఒక కవరులో పెట్టి, మిగతాది పాత పేపర్లతో వేయమంటాను. బొమ్మల్ని నీళ్ళలో నానబెట్టి మొక్క మొదట్లో మట్టిలో కలిపేస్తే చాలామందికి మనసు కుదుటపడుతుంది. లామినేషన్ చేసినవి మట్టిలో కలవవు, వాటి సంగతి పూజారిగారిని అడగండి. చెట్టు కింద వదిలి రావద్దు.

భోగి గురించి కూడా ఒక మాట. పాతవి మంటలో వేస్తే తేలిపోతుందని ప్లాస్టిక్ కుర్చీలు, రెగ్జిన్ సంచులు, వైర్లు వేస్తున్నారు. ఆ పొగ విషం. పాడైన ఫోన్లు, బ్యాటరీలు ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు, మిగతావి తడి, పొడి విడదీసి చెత్త బండికి ఇవ్వాలి.

అపోహ: సామానే కదా, ఎవరికి నష్టం?

విశాఖలో సముద్రపు గాలి తేమకు పేపర్ల కట్టలు బూజు పడతాయి, చెదలు పడతాయి, ఆస్తమా ఉన్నవాళ్ళకు ఊపిరాడదు. డాబా మీద పెట్టిన టైర్లు, డబ్బాలు, కొబ్బరి చిప్పల్లో వాన నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు గిన్నె అంచుకు అతుక్కుని నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. నీళ్ళు పారబోయడంతో సరిపోదు, అంచు రుద్ది కడగాలి.

అపోహ: ఈ వయసులో ఇంకేం మారతారు? పైగా వాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్తే జనం ఏమంటారు?

మార్పు వస్తుంది, నెమ్మదిగా. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో, అంటే ఆలోచన తీరునూ అలవాటునూ మెల్లగా మార్చే మాటల చికిత్సతో, చాలామందికి మేలు జరుగుతుంది. ఇల్లు అద్దంలా అయిపోదు, కానీ మంచం మీద పడుకుంటారు, మనవల్ని లోపలికి రానిస్తారు. ఈ జబ్బుకే ప్రత్యేకమైన మాత్ర లేదు. అయితే దీనితోపాటు డిప్రెషన్, ఆందోళన ఉండడం చాలా మామూలు, వాటికి మందులు బాగా పనిచేస్తాయి.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. జీవితమంతా ఇల్లు శుభ్రంగా ఉంచుకున్న మనిషి అరవై దాటాక కొత్తగా రోడ్డు మీది చిత్తు కాగితాలు, సీసాలు ఏరుకొస్తుంటే, స్వభావం కూడా మారితే, అది డిమెన్షియా (మెదడు శక్తి తగ్గిపోయే జబ్బు) మొదలు కావచ్చు. న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించాలి. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీకి చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేవాళ్ళే ఎక్కువ. అంతకుముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: ఏ వయసు నుంచి ఉంది, ఈ మధ్య మనసుకు ఏమైనా దెబ్బ తగిలిందా, పొయ్యి దగ్గర, మంచం దగ్గర చోటు ఎంత మిగిలింది. ఇబ్బంది పడుతున్న మనిషి రానంటే ఇంట్లోవాళ్ళు ఒక్కరే అయినా క్లినిక్‌కి రండి, మొదటి రెండు మూడు సిట్టింగులు మీతోనే మొదలుపెట్టొచ్చు.