మడమ నుంచి పిడికిలి దాకా

కాళ్లకు బలం కావాలంటే తిరుపతిలో ఎవరైనా చెప్పేది ఒకటే: అలిపిరి మెట్లెక్కు. 3,550 మెట్లు. దమ్ము పెరుగుతుంది, అది నిజమే. బాక్సర్ పంచ్‌లో బరువు మాత్రం దాంతో రాదు. మెట్ల మీద కాలు నిదానంగా, వేలసార్లు తొక్కుతుంది. పంచ్‌కు కావలసింది రెప్పపాటులో ఒక్క తొక్కు. కండరం తన పూర్తి బలం చూపేలోపే దెబ్బ తగిలిపోతుంది కాబట్టి, బలం ఎంత ఉందన్నదానితో పాటు ఎంత త్వరగా పుడుతుందన్నదీ చూసుకోవాలి.

కుడి స్ట్రెయిట్ పంచ్ చూడండి. వెనక పాదం నేలను నెడుతుంది, మడమ బయటికి తిరుగుతుంది, తుంటి, నడుము, భుజం వరసగా కదిలి చివరికి పిడికిలి. నడుము వదులైతే కింద పుట్టిన బలం అక్కడే ఆగిపోతుంది.

ముందు బరువులు. స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం) గానీ డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును ఎత్తి నిలబడటం) గానీ వారానికి రెండు రోజులు, 4 సెట్లు, సెట్‌కు 3 నుంచి 5 సార్లు. ఇంకో రెండుసార్లు ఎత్తగలం అనిపించినప్పుడే దించేయాలి. సెట్ల మధ్య 3 నిమిషాలు కూర్చోవాలి. కుర్రాళ్లకు ఇదే కష్టం, ఖాళీగా కూర్చుంటే సోమరితనంలా ఉంటుంది వాళ్లకు.

తర్వాత మెడిసిన్ బాల్, అంటే కసరత్తుకు వాడే బరువైన బంతి. 3 కిలోలది చాలు. గోడకు ఒకటిన్నర మీటరు దూరంలో స్టాన్స్‌లో, అంటే బాక్సర్ నిలబడే తీరులో నిలబడి, వెనక మడమ తిప్పుతూ ఛాతీ దగ్గర్నుంచి ఒంటిచేత్తో విసరాలి. ఒక్కో పక్కకు 5 చొప్పున 4 సెట్లు. గోడ మీద చప్పుడు తగ్గిందా, ఆ సెట్ అయిపోయినట్టే. బాల్ కొనలేకపోతే పాత బాస్కెట్‌బాల్ కోసి ఇసుక పోసి కుట్టుకోవచ్చు. నిండా పోస్తే పది కిలోలు దాటుతుంది, అప్పుడది విసరడం కాదు, తోయడం. కాబట్టి ఇసుక తూచి పోసి, మిగతాది పాతగుడ్డలతో కూరండి.

డంబెల్స్ పట్టుకుని గాల్లో పంచ్‌లు కొట్టడం మానేయండి. డంబెల్ బరువు కిందికి లాగుతుంది, పంచ్ వెళ్లేది ముందుకు. అలిసేది భుజం, చెడేది పంచ్ దారి.

మెట్లెక్కిన మర్నాడు స్క్వాట్ పెట్టుకోవద్దు. తొడలను నలిపేది ఎక్కడం కంటే దిగడం, ఆ నొప్పి రెండు మూడు రోజులుంటుంది. కొండకు నడిచి వెళ్లినా, కిందికి బస్సులో రండి.