సైకిల్‌ని రోడ్డు మీంచి పక్కకి ఎలా నెట్టేశాం? హైదరాబాద్ ట్రాక్ గొడవ వెనక ఉన్న పాత కథ

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న ఓపెన్ అయిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో సైకిల్ మాటెత్తితే చాలు జనం రెండు జట్లయిపోతున్నారు. కార్లవాళ్లు, బైకులవాళ్లు ఏమంటారంటే అంత ఖర్చు పెట్టి ట్రాక్ కట్టిచ్చాక కూడా వీళ్లు మెయిన్ రోడ్డెక్కడం ఎందుకు, ఆదివారం పొద్దున్నే గండిపేట వైపు ముగ్గురు నలుగురు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ పోతారు, హార్న్ కొడితే కోపం, పైగా రోడ్ ట్యాక్స్ కట్టేది మేము కదా అని. సైకిల్ వాళ్లేమో మా హ్యాండిల్ పక్కనుంచి జానెడు గ్యాప్‌లో కట్ కొట్టి పోతారు, మేం పడితే చూడ్డానికి కూడా ఆగరు అంటారు. వీళ్ల మధ్యలో వాకింగ్‌కి వచ్చేవాళ్లు, షాపులవాళ్లు, తోపుడు బండ్లవాళ్లు, ఎవరి బాధ వాళ్లది. ఆ ట్యాక్స్ పాయింట్ మాత్రం నిలబడదు, కాలనీ రోడ్లకి మున్సిపాలిటీ పెట్టే డబ్బులో అందరి ఇంటి పన్నూ ఉంటుంది, సైకిల్ కొన్నవాడూ జీఎస్టీ కట్టే కొన్నాడు.

కానీ ఈ గొడవ ట్రాక్‌తో మొదలవలేదు, చాలా వెనక్కి వెళ్లాలి.

ఒకప్పుడు మన ఊళ్లలో రోడ్డంటేనే సైకిళ్లు. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి, మున్సిపాలిటీ వాళ్లు ఏటా సైకిల్‌కి లైసెన్స్ బిళ్ల ఇచ్చేవాళ్లు, రాత్రిపూట డైనమో లైటు లేకపోయినా డబుల్స్ ఎక్కించుకున్నా పోలీసు ఆపేవాడు, టైర్లలో గాలి తీసేసిన కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. సొంత సైకిల్ లేనివాళ్లకి సైకిల్ టాక్సీ షాపులుండేవి, గంటకింత అని అద్దె. 1982లో పుట్టిన తెలుగుదేశం సైకిల్ గుర్తు మీదే 1983లో గెలిచిందంటే ఆ బండి ఎంతమంది ఇళ్లలో ఉండేదో అర్థం చేసుకోవచ్చు. నేను ఇక్కడ ముఖ్యం అనుకునేది ఏంటంటే అప్పుడు సైకిల్‌ని సర్కారు ఒక వాహనంగానే చూసింది. రూల్ పెట్టింది, ఫైన్ వేసింది, అంటే రోడ్డు మీద దానికో చోటుందని ఒప్పుకున్నట్టే.

తర్వాత లూనా వచ్చింది, చేతక్ వచ్చింది, 1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100. ఆ హీరో వాళ్లు 1956లో లూధియానాలో సైకిళ్లు చేయడంతో మొదలుపెట్టినవాళ్లే. పాలు పోసేవాళ్లు, టీచర్లు, గుమస్తాలు, ఎవరికి నాలుగు డబ్బులొస్తే వాళ్లు బండెక్కారు, అందులో తప్పేం లేదు, ఎండలో పది కిలోమీటర్లు తొక్కినవాడికే ఆ కష్టం తెలుసు. జనాభా లెక్కలు చూస్తే 2001లో దేశంలో 11.7 శాతం ఇళ్లలో టూవీలర్ ఉంటే 2011కి 21 శాతం అయింది, సైకిల్ ఉన్న ఇళ్లు మాత్రం 43.7 నుంచి 44.8, అంటే తగ్గలేదు. అదే 2011లో పొలం పనులు, ఇంటి దగ్గర చేసుకునే పనులు కాకుండా మిగతా పనులు చేసేవాళ్లలో 13 శాతం దాకా సైకిల్ మీదే పనికి వెళ్లేవాళ్లు, కారులో వెళ్లేవాళ్లు 3 శాతం కూడా లేరు. సైకిల్ ఎక్కడికీ పోలేదు, అది తొక్కేవాడి మాట వినేవాళ్లు పోయారు. "ఇంకా సైకిలేనా" అని అడగడం మొదలైంది, ఇక రోడ్డు డిజైన్ చేసే ఆఫీసులో వాడి గురించి ఎవరు ఆలోచిస్తారు?

రోడ్లు మారిన తీరు చూస్తే ఇది ఇంకా బాగా కనపడుతుంది. చెన్నై నుంచి కలకత్తా వైపు వెళ్లే పాత ఎన్‌హెచ్ 5, ఇప్పటి ఎన్‌హెచ్ 16, నాలుగు మహానగరాల్ని కలిపే స్వర్ణ చతుర్భుజి ప్రాజెక్టులో నాలుగు లైన్లయింది. మంచిదే, లారీలకీ బస్సులకీ చాలా టైం కలిసొచ్చింది. కానీ ఊరు ఇటు, పొలం అటు ఉన్న చోట మధ్యలో డివైడర్ లేచింది, దాటడానికి గ్యాప్ ఎక్కడో దూరంగా ఉంటుంది, గడ్డిమోపు కట్టుకున్న సైకిల్ అంత దూరం పోయి తిరిగొస్తుందా? రాదు. రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని వస్తుంది, ఎదురుగా 100 స్పీడ్‌లో వచ్చే కారాయన గుండె ఆగినంత పనై బూతులు తిడతాడు. తప్పు ఇద్దరిలో ఎవరిదని వాదించుకుంటాం, ఆ డివైడర్ అక్కడ పెట్టినవాళ్లని మాత్రం అడగం.

హైదరాబాద్‌లోనూ అదే వరస. 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్ వే అనే పొడవాటి ఫ్లైఓవర్, 11.6 కిలోమీటర్లు, తర్వాత ఓఆర్ఆర్, రెండింటి మీదా సైకిల్‌కి ఎంట్రీ లేదు, అది సరే, స్పీడ్ రోడ్లు కాబట్టి అర్థముంది. కానీ మామూలు రోడ్లలో కూడా సిగ్నల్స్ తీసేసి యూటర్న్‌లు పెట్టారు, బైకుకి అది ఒక నిమిషం, వాచ్‌మన్ డ్యూటీకి సైకిల్ మీద పోయే ముసలాయనకి అదే ఎదురుగాలిలో ఇంకో కిలోమీటరు, మధ్యలో స్పీడ్‌గా వచ్చే మూడు లైన్లు అడ్డంగా దాటాలి. ఫ్రీ లెఫ్ట్ దగ్గర బస్సు ఎడమకి కోసుకుని వస్తే పక్కనున్న సైకిల్‌కి తప్పుకునే జాగా ఉండదు. సైకిలిస్టులు రూల్స్ పాటించరు అనే కంప్లయింట్‌లో నిజముంది, నేను కాదనను, కానీ పాటించడానికి వీలున్న రోడ్డు వాళ్లకి ఎప్పుడిచ్చాం?

ఢిల్లీలో కేంద్ర సర్కారుకి ఇవేవీ తెలియవని కాదు. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా పాలసీ రోడ్డు జాగా వాహనాలకి కాదు మనుషులకి పంచాలని, సైకిల్‌కి వేరే దారి ఉండాలని రాసింది. అదే ఢిల్లీలో 2008లో బీఆర్‌టీ కారిడార్ వేసి బస్సుకీ సైకిల్‌కీ విడిగా చోటిస్తే కార్లవాళ్లు కోర్టు దాకా వెళ్లారు, కోర్టు కేసు కొట్టేసినా చివరికి 2016లో కారిడారే తీసేశారు. కలకత్తాలో ఇంకా ఘోరం, 2008లో కొన్ని రోడ్ల మీద సైకిల్‌ని ఆపేసి 2013కి ఆ లిస్టుని 174 రోడ్ల దాకా పెంచారు, పేపర్ వేసేవాళ్లు, పాలవాళ్లు రోడ్డెక్కితే ఫైన్. తర్వాత నిరసనలొచ్చి కొంత తగ్గించారు.

మళ్లీ సైకిల్‌కి మంచి రోజులొచ్చినట్టు అనిపించింది 2020లో, లాక్‌డౌన్ టైంలో. కేంద్రం సిటీలకి సైకిల్స్ ఫర్ చేంజ్ చాలెంజ్ పెట్టింది, చాలా ఊళ్లలో రంగు వేసి లైన్లు గీశారు. గీత గీసిన రోజే సగం పని అయిపోయిందనుకున్నారు, రెండో నెలకి ఆ గీత మీద కార్లు పార్కయ్యాయి, టిఫిన్ బండ్లు వచ్చాయి. షాపులవాళ్లది కూడా అన్యాయమైన కోపం కాదు, ఎవరూ వాళ్లతో కూర్చుని కస్టమర్ల బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో మాట్లాడలేదు, పొద్దున్నే లేచి చూస్తే షాపు ముందు గీత ఉంది.

ఇక ఆ సోలార్ ట్రాక్. 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ (టీఎస్‌పీఏ) దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల ప్యానెళ్లు, కొరియాలో చూసి చేశారు. బాగుంది, నిజంగానే బాగుంది, ఎండ తగలకుండా పిల్లలు భయం లేకుండా తొక్కుకోవచ్చు. కానీ అది ఎక్సర్‌సైజ్ చేసుకునే ట్రాక్, ఇంటి నుంచి పనికి తీసుకెళ్లే దారి కాదు. అక్కడికి చేరడానికే చాలామంది కారు మీద సైకిల్ కట్టుకుని వస్తారు. దాన్ని చూపించి "మీకో ట్రాక్ ఉందిగా, మా రోడ్డు దిగండి" అంటే కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ పనికి పోయే మేస్త్రీ ఎక్కడికి దిగాలి?

ఆంధ్రలో 2014-19 మధ్య బడికొస్తా పథకం కింద గవర్నమెంట్ స్కూళ్లలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు, చదువు మానేయకుండా ఉండటానికి. గొప్ప పని. ఆ పిల్లలు తొక్కాల్సిన హైవే అంచు మాత్రం ఎప్పటిలాగే కంకరతో, గుంటలతో ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో నడిచి పోయేవాళ్లు 32 వేల పైన, సైకిల్ మీద పోయేవాళ్లు 4 వేల పైన. వీళ్లలో ట్రాక్ మీద హెల్మెట్ పెట్టుకుని తిరిగేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 138వ సెక్షన్‌లో ఒక ముక్క కలిపారు, నడిచేవాళ్లు, సైకిళ్లలాంటి ఇంజన్ లేని బండ్లు రోడ్లూ హైవేలూ ఎలా వాడుకోవాలో రాష్ట్రాలే రూల్స్ చేసుకోవచ్చని. దాంతో కలకత్తాలో చేసినట్టు బోర్డు పెట్టి సైకిల్‌ని ఆపెయ్యనూ వచ్చు, సర్వీస్ రోడ్డులో జాగా వదలాలని, యూటర్న్ దగ్గర సైకిల్ దాటడానికి దారి పెట్టాలని రాయనూ వచ్చు. ఏది రాస్తారన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల చేతుల్లో ఉంది, మీ ఏరియాలో కొత్త ఫ్లైఓవర్ అనౌన్స్ చేసినప్పుడు కార్పొరేటర్‌ని, ఎమ్మెల్యేని దాని కింద సైకిల్ ఎటు పోవాలో డ్రాయింగ్‌లో చూపించమని అడగండి.