కోటాలు, ఆంక్షలు తరిమిన కుట్టుమిషన్లు

2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రకటించిన సుంకాల పట్టికలో లెసోతో పేరు పక్కన 50 శాతం అని ఉంది. నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే ఉన్న ఈ కొండల దేశంలో ప్రైవేటు ఉద్యోగాలు ఎక్కువగా దొరికేది దుస్తుల ఫ్యాక్టరీల్లోనే. అమెరికన్లు వేసుకునే జీన్స్ అక్కడ కుడతారు. జులైలో నిరుద్యోగం కారణంగా ప్రభుత్వం విపత్తు పరిస్థితి ప్రకటించింది. ఆగస్టులో సుంకం 15 శాతానికి తగ్గింది. ఇంతకీ ఆ ఫ్యాక్టరీలు అక్కడికి ఎందుకు వచ్చినట్టు?

1974లో బహుళ తంతు ఒప్పందం అమల్లోకి వచ్చింది. పేద దేశాల నుంచి వచ్చే బట్టలకు సంపన్న దేశాలు దేశాలవారీగా కోటాలు పెట్టాయి. కొరియా, హాంకాంగ్, తైవాన్‌లకు ఆర్డర్లున్నా కోటా దాటి పంపే వీలు లేదు. కోటా లేని దేశంలో కుట్టించి పంపడమే వాళ్లకు మిగిలిన దారి.

అలా దక్షిణ కొరియా కంపెనీ దేవూ చూపు బంగ్లాదేశ్ మీద పడింది. మాజీ ప్రభుత్వాధికారి నూరుల్ ఖాదర్ చిట్టగాంగ్‌లో పెట్టిన దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం కుదిరింది. 1979లో 130 మందిని బూసాన్‌లోని దేవూ ఫ్యాక్టరీకి పంపారు. ఆర్నెల్లు ఉండి కుట్టు, కటింగ్ మాత్రమే కాదు, నాణ్యత తనిఖీ, ఎగుమతి వ్యవహారం కూడా నేర్చుకొచ్చారు. తర్వాత కొన్నేళ్లలో వాళ్లలో వంద మందికి పైగా దేశ్‌ను వదిలి, కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, మరికొందరు కొత్త ఫ్యాక్టరీలను నడిపారు. దేశ్‌కు అది దెబ్బే, బంగ్లాదేశ్‌కు మాత్రం అదే పునాది. 1985లో అమెరికా బంగ్లాదేశ్‌కూ కోటా పెట్టింది. అప్పటికే పని చేతికి వచ్చింది కాబట్టి పరిశ్రమ ఆగలేదు.

లెసోతోకు పెట్టుబడి తెచ్చింది కోటా ఒక్కటే కాదు, ఆంక్షలు కూడా. వర్ణవివక్ష ప్రభుత్వం ఉన్న రోజుల్లో తైవాన్ వ్యాపారులు దక్షిణాఫ్రికాలో ఫ్యాక్టరీలు నడిపేవారు. 1986లో అధ్యక్షుడు రీగన్ వీటోను కాదని అమెరికా కాంగ్రెస్ తెచ్చిన చట్టం దక్షిణాఫ్రికా వస్త్రాల దిగుమతిని నిషేధించింది. ఆ దశకంలోనే కొందరు సరిహద్దు దాటి లెసోతో పట్టణాలు మసేరు, మపుత్సోలకు చేరారు. 2000లో ఆఫ్రికా దేశాలకు అమెరికా సుంకం లేని ప్రవేశం ఇచ్చాక మరిన్ని వచ్చాయి. కుట్టేవాళ్లు బసోతో స్త్రీలు, అంటే స్థానికులు. యాజమాన్యం, బట్ట కొనుగోలు, బయ్యర్లతో బేరం చాలావరకు బయటివాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయి. 2005 జనవరి 1న కోటాలు ఎత్తేయగానే అక్కడ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేల మందికి పని పోయింది. బంగ్లాదేశ్ ఎగుమతులు మాత్రం పెరుగుతూనే పోయాయి. రెంటికీ తేడా కూలి రేటులో లేదని నా నమ్మకం. ఫ్యాక్టరీ నడిపే విద్య ఎవరి దగ్గర ఉండిపోయిందన్నదే తేడా.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. కోటాల కాలంలోనే ఎదిగిన శ్రీలంక పరిశ్రమ నుంచి బ్రాండిక్స్ అచ్యుతాపురానికి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు అక్కడ కుడుతున్నారు. 1980లోనే చిట్టగాంగ్‌లో అడుగుపెట్టిన కొరియా కంపెనీ యంగ్‌వన్, వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వచ్చింది. ఇలాంటి ఒప్పందాల వార్తల్లో ఎకరాలు, కోట్లు, ఉద్యోగాల లెక్క కనిపిస్తుంది. లైను సూపర్‌వైజర్ దాటి, కొనుగోళ్లు, డిజైన్, బయ్యర్లతో బేరం దాకా మన పిల్లల్ని ఎంతమందిని తీసుకెళ్తారన్న షరతు కనిపించదు. నిజానికి రాష్ట్రాలు అన్నిటికన్నా గట్టిగా అడగాల్సింది అదే.

ఒకప్పుడు కోటాలు చేసిన పని ఇప్పుడు సుంకాలు చేయొచ్చు. 2025 ఆగస్టులో భారత్ వస్తువులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకు వేసిన శిక్ష. అదే నెలలో బంగ్లాదేశ్, శ్రీలంకలకు పడింది 20 శాతం.